చూసి చెప్పే మనిషి

తిలకవతి కుట్టుషాపులో ఒకటే చట్టం: మిషను మీద కూర్చున్నవాళ్ళు సీరియల్ వినాలిగానీ చూడకూడదు. అది ఊరికే పుట్టిన చట్టం కాదు. మునుపొకసారి అంగమ్మాళ్ టీవీలో ఎవరి పెళ్ళో చూస్తూ చూపుడువేలి గోట్లోంచి సూది దింపుకుంది. వేలు మానింది. కింద ఉన్న పట్టు జాకెట్టు మీది మరక మాత్రం పోలేదు. తిలకవతి ఆ రోజే టీవీని ఇంటికి పంపించేసింది.

తర్వాత సెల్‌ఫోను వచ్చింది. దాన్ని ఇస్త్రీబల్ల మీద నీళ్ళ సీసాకి ఆనించి నిలబెడతారు. చూసే హక్కు ఇస్త్రీ చేసే మనిషి ఒక్కదానికే. ఆ మనిషి విజి. నలభై దాటింది, నోరు బారెడు. సీరియల్ కొరియావాళ్ళది, మాటలు తమిళంలో వస్తాయి. మాటలు లేనిచోట బొమ్మలో ఏం జరుగుతోందో విజి తెలుగులో చెబుతుంది. ముత్తియాల్‌పేటలో ఆ సందంతా తమిళమే అయినా ఆ గదిలో నలుగురివీ ఇంట్లో తెలుగు మాట్లాడే కుటుంబాలు. తెలుగు అక్షరాలు ఒక్కరికీ రావు, మాటలకి మాత్రం కొదవ లేదు.

కొరియా పేర్లకి నోరు తిరగదని విజే వాళ్ళకి పేర్లు పెట్టింది. పొడుగు కోటు వేసుకుని, ఎవరితోనూ నవ్వకుండా తిరిగే హోటల్ యజమాని కొడుకు ‘కోటు’. రొట్టెల అంగట్లో పనిచేసే పిల్ల ‘బన్ను’. ఆ పిల్లని మనసులో పెట్టుకుని, పైకి చెప్పలేక, కుక్కలకి సూదులేసుకుంటూ బతికేవాడు ‘కుక్కల డాక్టరు’. వీళ్ళలో ఎవరు మంచి, ఎవరు చెడ్డ అన్నదానికి విజి చెప్పిందే తీర్పు. అప్పీలు లేదు.

“కుక్కల డాక్టరు వొట్టి పప్పుమే,” అంటుంది. “‘కూర్చోవొచ్చునా, ఫోను చేయొచ్చునా, ఇంటిదాకా తోడు రావొచ్చునా’ అని అన్నీ అడిగేదే! అడిగి పట్టుకునే చెయ్యి ఒక చెయ్యేనా? కోటుని చూడు. అడగడు. వొచ్చి నిలబడతాడు. మొగోడంటే అదీ.”

“చైనావాళ్ళ దాంట్లో ముప్పై ఎపిసోడు అయినా చెయ్యి తగలదు కదమే,” అంది అంగమ్మాళ్. షాపులో అందరికన్నా పెద్దది ఆమే.

“చైనాది రాజుల కథ అంగమ్మక్కా. చీరలు ఎగరేసుకుంటా కత్తులు తిప్పేది. చూసేదానికి బాగుంటాది, కడుపు నిండదు. థాయిలాండుది మరీ అన్యాయం, చెంప మీద కొట్టినాకే ప్రేమ. ప్రేమకి కొరియావోడేమే. వానలో నిలబడేదానికి వాడి తర్వాతే ఎవురైనా.”

ఆ రోజు కోటు వానలో నిలబడే రోజు. బయట కూడా ఐప్పసి నెల ముసురు పట్టి ఉంది.

“గొడుగు కూడా లేదుమే,” విజి జాకెట్టు వీపు మీద ఇస్త్రీపెట్టె తోస్తూ చెబుతోంది. “బన్ను పైనింట్లో లైటు వేసింది. కిటికీ దగ్గరికి వొచ్చింది. వీడు కిందినించి చూస్తానే ఉండాడు. తడిసి ముద్దయిపోయినాడు. పావం!”

అభినయ జాకెట్టు మెడకి పైపింగు వేస్తోంది. బాహూరు నుంచి బస్సులో వచ్చిపోయే పిల్ల, ఇరవై రెండేళ్ళు. ఆమెకీ ఈ సీరియల్ ఇష్టమే. వింటూంటే కుట్టు దానంతట అదే సాగేది. ఈ నెలలోనే సాగడం లేదు.

విజి కిటికీలోంచి బయటికి చూసింది. “ఏమే అభినయా, నీ కోటు కూడా వొచ్చేసినాడు. ఈయప్పకీ గొడుగు లేదు.”

అంగమ్మాళ్ నవ్వింది. కటింగు బల్ల దగ్గర కత్తెర పట్టుకున్న తిలకవతి కూడా నవ్వింది.

అభినయ తల తిప్పలేదు. తిప్పనక్కర్లేదు. ఎదురుగా మూసిన షట్టరు ముందు మోటారుసైకిలుకి స్టాండు వేసిన చప్పుడు ఆమె వీపుకి అంతకుముందే తెలిసిపోయింది. కుట్టు పక్కకి పోయింది. బ్లేడు తీసుకుని విప్పడం మొదలుపెట్టింది.

వాడి పేరు రాజ్‌మోహన్. వీధి చివర లైనింగ్ గుడ్డలూ దారాలూ అమ్మే అంగడివాళ్ళ కొడుకు. ఉతికిన చొక్కా, నుదుట విభూతి, బీడీ సిగరెట్టు లేదు, ఒక చెడ్డ మాట లేదు. తిలకవతి షాపుకి లైనింగ్ తెచ్చి ఇచ్చేది వాడే. సాయంత్రం కాగానే ఆ షట్టరు కిందికి వచ్చి నిలబడతాడు. చూస్తాడు. అంతే. ఏం చేశాడని ఎవరికైనా చెబుతుంది?

“నాకు భయంగా ఉండాదక్కా,” అంది అభినయ విజితో, సాయంత్రం దారపు ముక్కలు ఊడుస్తూ.

“బన్నుకి కూడా మొదట భయమేమే. పోను పోను తెలిసింది కదా దానికి, వాడెంత బంగారమో.”

సీరియల్లో భయం ఏదో ఒక ఎపిసోడులో తీరిపోతుంది. బాహూరు బస్సులో తీరదు. ఆ మాట చెప్పడం అభినయకి చేతకాలేదు.

ఇంట్లో చెప్పడానికీ లేదు. ఆమెని పనికి పంపుతూ తండ్రి ముకుందన్ ఒకటే మాట అన్నాడు: “నీ పేరు ఎవురి నోట్లోనన్నా పడిందా, మరుసటి రోజు నించి మన మడే, మన కలుపే.” తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అనే లోకం. ఇక్కడ చూస్తే, ఈ పండగ ఆర్డర్లు అయిపోగానే కటింగు బల్ల దగ్గరికి తీసుకుంటానని తిలకవతి మాట ఇచ్చి ఉంది. కుట్టేవాళ్ళు వీధికి పదిమంది ఉంటారు. కత్తిరించడం వస్తేనే సొంతంగా బోర్డు పెట్టుకోగలరు. అభినయకి ఉన్న ఆశ అదొక్కటే. దాన్ని పోగొట్టుకోవడం ఇష్టం లేక నోరు మూసుకుని కుట్టు విప్పుతోంది.

*

అభినయ మణికూండు గడియార స్తంభం దగ్గర టౌను బస్సు కోసం నిలబడితే వాడు వచ్చి పక్కన నిలబడ్డాడు. ఇంతకాలం రోడ్డుకి అవతలే ఉండేవాడు.

“నిన్న నీలం చుడీదారు వేసుకున్నావు. నీకు నీలం బాగుంటాది,” అన్నాడు మెల్లగా. గుళ్ళో మాట్లాడినంత మెల్లగా.

అభినయ సంచీని గుండెలకి హత్తుకుని బస్సు వచ్చేవైపే చూసింది. పక్కన పూలమ్మే ఆమె ఇద్దర్నీ చూసి ముసిముసిగా నవ్వుకుంది.

“ఏంది, భయపడతా ఉండావా? నేనేం చేసినా నిన్ను?”

ఆమె ఒక అడుగు పక్కకి జరిగింది.

“బాహూరులో దిగినాక చెరువుకట్ట మీద ఒక్కదానివే నడస్తావంట కదా. చీకటి పడతాది. పురుగూ పుట్రా ఉంటాది.” వాడు గొంతు ఇంకా తగ్గించాడు. “భయపడొద్దు. నేనొస్తాలే.”

బాహూరు సంగతి అందరికీ తెలుసు. చెరువుకట్ట సంగతి వీడికి ఎలా తెలిసింది? బస్సు వచ్చింది. ఎక్కింది. ఆడవాళ్ళ సీట్లో ఇద్దరి మధ్య ఇరుక్కుని కూర్చుంది. మోకాళ్ళ మీద సంచీ పెట్టుకుంది. కొత్త బస్టాండు చేరకముందే ఫోను మోగింది. తెలియని నంబరు. తెరిస్తే ఒక ఫోటో: బస్సు కిటికీలో తన తల, వెనకనుంచి. కింద తమిళంలో ఒక ముక్క. ‘తల వంచుకోవద్దు, నాకు కనిపించడం లేదు.’

ఆమె తల వంచుకునే కూర్చుంది. ఎత్తడానికి ధైర్యం చాలలేదు.

*

మరునాడు షాపులోకి రాగానే సంచీ కూడా దించకుండా అడిగింది. “విజక్కా, నా నంబరు ఎవురికన్నా ఇచ్చినావా?”

విజి ఇస్త్రీపెట్టె తీగ విప్పుతూ నవ్వింది. “ఓ, మాట్లాడినాడా? లైనింగ్ ఇచ్చేదానికి వొచ్చి, తల వంచుకోని అడిగినాడుమే. పావంగా ఉన్నింది. కోటుకి బన్ను నంబరు ఇచ్చింది ఆ రొట్టెలంగడి అవ్వే కదా? అవ్వ ఇయ్యకపోతే కథ యాడ నడిచేది?”

“చెరువుకట్ట సంగతి?”

“అదీ నేనే చెప్పినా. చీకట్లో ఒక్కతే పోతాది, కొంచెం చూసుకో తంబీ అన్నా. తప్పా?”

తప్పో ఒప్పో ఆ మొహంలో వెతకడం దండగ. విజి నిజంగానే మేలు చేశాననుకుంటోంది. ఇంట్లో ఆమె మొగుడు అయ్యనార్, తిన్నావా అని కూడా అడగని మనిషి. ఎవడో ఒకడు ఒక ఆడదాని కోసం ఎండలోనూ వానలోనూ నిలబడ్డాడంటే విజికి కళ్ళల్లో నీళ్ళు వస్తాయి. అవి దొంగ నీళ్ళు కావు. అభినయకి కోపం రావాల్సిన చోట ఏడుపు వచ్చింది.

ఫోటో తీసి తిలకవతికి చూపించింది. తిలకవతి కళ్ళజోడు ముక్కు మీదికి దింపి చూసింది.

“వెనకనించి తీసినాడు. మొహం కూడా పడలేదు కదమే,” అంది. “చుమ్మా, ఉత్త మెసేజికి ఎందుకు బెదిరిపోతావు? మంచి ఇంటి పిల్లోడు. మనకి లైనింగ్ ఇచ్చేవాళ్ళు. నువ్వు జవాబు ఇయ్యొద్దు, వాడే పోతాడు. పో, ఆ రవికకి కాజాలు తీయి.”

“అదృష్టం వాకిట్లోకి వొచ్చి నిలబడితే పిల్ల తలుపేసుకుంటా ఉండాది,” అంది అంగమ్మాళ్ మిషను తొక్కుతూ. అందరూ నవ్వారు. పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం. అభినయ మిషను దగ్గర కూర్చుని సూదిలోకి దారం ఎక్కించబోయింది. ఎంతకీ ఎక్కలేదు. ఆఖరికి అంగమ్మాళే చెయ్యి చాచి ఎక్కించింది.

*

ఆ సాయంత్రం మణికూండు దగ్గర వాడు లేడు. కొత్త బస్టాండులోనూ లేడు. బాహూరు బస్సు కదిలాక అభినయకి కాస్త ఊపిరి ఆడింది. తిలకవతక్క చెప్పినట్టు పోయాడేమో, దేవుడు చల్లగా చూశాడేమో అనుకుంది.

దిగి చెరువుకట్ట ఎక్కింది. పొద్దు అప్పుడే కుంకింది, నీళ్ళ మీద ఇంకా కాస్త వెలుగుంది. అవతల మళ్ళల్లోంచి కప్పలు అరుస్తున్నాయి. కట్ట మలుపులో మోటారుసైకిలు ఆపి ఉంది.

కాళ్ళు ఆగిపోయాయి. వెనక్కి పోదామంటే బస్సు వెళ్ళిపోయింది. ముందు వాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. సంచీలో కత్తెర ఉందని గుర్తొచ్చింది. అది దారాలు తెంచే బుల్లి కత్తెర, దేనికీ పనికిరాదు.

“చెప్పినా కదా, వొస్తానని,” అన్నాడు రాజ్‌మోహన్.

“నాకు ఎవురూ అక్కర్లేదు. దోవ వొదులు.”

“ఒక్క మాట విను.”

“నేను పోవాల.”

పక్కనుంచి దాటబోయింది. వాడు మణికట్టు పట్టుకున్నాడు. గట్టిగా కొట్టలేదు, లాగలేదు, ఊరికే పట్టుకున్నాడు. ఆమె చెయ్యి విదిలించుకోబోయిన కొద్దీ వేళ్ళు బిగిశాయి. గాజు ఒకటి చిట్లింది. అరుద్దామని నోరు తెరిచింది. గొంతులోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. వాడు నవ్వుతూనే ఉన్నాడు. వీడికి నా భయం కనిపించడం లేదా, కనిపించే నవ్వుతున్నాడా?

కట్ట కింది నుంచి బండి వెలుగు పడింది. పక్కింటి ఇరుసప్పన్ మామ, వెనక గడ్డిమోపు కట్టుకుని మోపెడ్ మీద వస్తున్నాడు. రాజ్‌మోహన్ చెయ్యి వదిలేశాడు.

“ఎవురుమే అది?” ఇరుసప్పన్ బండి ఆపి అడిగాడు.

ఒక్క మాట చాలు. వీడు నా చెయ్యి పట్టుకున్నాడు మామా, అంటే చాలు. ఆ మాట ఆమెకన్నా ముందే ఇంటికి చేరుతుంది, తెల్లారేసరికి ఊరంతా తిరుగుతుంది, ఆ తర్వాత కటింగు బల్లా లేదు, మిషనూ లేదు.

“దోవ అడగతా ఉండారు మామా,” అంది అభినయ.

తన నోటితోనే వాణ్ణి కాపాడింది. ఇరుసప్పన్ బండి వెనకే, గడ్డిమోపు వాసన పీలుస్తూ, దాదాపు పరిగెత్తుతూ ఇల్లు చేరింది. గాజేదని తల్లి పంకజవల్లి అడిగితే మిషను చక్రానికి తగిలిందని చెప్పింది.

*

పొద్దున తిలకవతి దగ్గరికి వెళ్ళి నిలబడింది. రాత్రంతా కూడగట్టుకున్న మాట ఒకేసారి బయటికి వచ్చేసింది.

“అక్కా, ఈ వారంతో నిలిచిపోతా.”

తిలకవతి సుద్దముక్క కింద పెట్టింది. “ఏందిమే? కటింగు నేర్చుకుంటానంటివే?”

“ఇంట్లో వొద్దంటా ఉండారు.”

“ఇంట్లోవాళ్ళకి నేను చెప్తా…”

“వొద్దక్కా.”

ఆ మాట తేలకుండానే వాకిట్లో గోల మొదలైంది. విజి వచ్చింది, నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని. ఊళ్ళో మెడ్రాస్ ఐ, అదే కండ్లకలక, తిరుగుతోంది, విజికీ అంటుకుంది. కళ్ళు ఎర్రగా వాచి, నీళ్ళు కారుతున్నాయి.

“లోపలికి రావొద్దు!” అరిచింది తిలకవతి. “పట్టు గుడ్డలు ఉండాయి. ఏ గుడ్డా ముట్టుకోవొద్దు! ఇంటికి పో.”

“ఇంటికి యాడ పోయేది? ఈ రోజు కోటు బన్ను చెయ్యి పట్టుకునే రోజు. నిన్న చివర్లో చూపించినారు. ఎన్నాళ్ళుగా కాచుకోని ఉండా నేను!” విజి గడప అవతల మెట్టు మీద చతికిలబడింది. “నేను ముట్టుకోను. చూడను కూడా చూడను, కళ్ళు తెరిస్తే మంట. వింటా. ఎవురన్నా చూసి చెప్పండి.”

ఇస్త్రీకి మనిషి కావాలి. తిలకవతి అభినయ వైపు చూసి బల్ల చూపించింది. “ఈ వారమన్నా చెయ్యి.”

ఆమె ఇస్త్రీబల్ల దగ్గర నిలబడడం అదే మొదలు. ఎదురుగా కిటికీ, కిటికీకి ఎదురుగా ఆ షట్టరు. ఇంకా ఎవరూ లేరు. జాకెట్టు పరిచి, నీళ్ళు చిలకరించి, పెట్టె ఆనించింది. ఆవిరి లేచింది. ఫోనులో సీరియల్ మొదలైంది. అంగమ్మాళ్ మిషను నడుస్తోంది.

చెవులతో విన్న మనుషుల్ని ఇవాళ కళ్ళతో చూస్తోంది. కోటు అందగాడే, కాదనలేం. బన్ను మాత్రం తను అనుకున్నదానికన్నా చిన్నపిల్ల. రొట్టెల అంగడి మూసి వానలో బయటికి వచ్చింది. వాడు ఎదురొచ్చాడు. ‘నాతో రా,’ అన్నాడు తమిళంలో, బొంగురు గొంతుతో. ఆ తర్వాత మాటలు ఆగిపోయి వయొలిన్లు అందుకున్నాయి.

“పట్టుకున్నాడా?” మెట్టు మీదనుంచి విజి. “చెప్పుమే, పట్టుకున్నాడా?”

“పట్టుకున్నాడు.”

“అబ్బా!” విజి రెండు చేతులూ చెంపలకి ఆనించుకుంది. “ఎట్ట పట్టుకున్నాడు?”

“మణికట్టు దగ్గర.” అభినయ ఇస్త్రీపెట్టె నిలబెట్టింది. “గట్టిగా.”

“బన్ను?”

“వెనక్కి లాక్కుంటా ఉండాది.”

“సిగ్గుమే.”

“సిగ్గు కాదక్కా.” ఆమె ఫోను దగ్గరికి వంగింది. “వాడి మొహం చూడడం లేదు ఆ పిల్ల. అటూ ఇటూ చూస్తా ఉండాది. వీధిలో ఎవురన్నా ఉండారా అని.”

అంగమ్మాళ్ మిషను వేగం తగ్గింది.

“నువ్వు సరిగ్గా చూడలేదు,” అంది విజి. “మ్యూజిక్ వినిపించడం లేదా? ప్రేమకి వేసే మ్యూజిక్ అది.”

“మ్యూజిక్ మనకక్కా. ఆ పిల్లకి వినిపించదు. ఆ పిల్లకి వానే వినిపిస్తా ఉంటాది.” అభినయ ఆగలేదు. “నోరు తెరిచింది. మాట రావడం లేదు. వాడు నవ్వతా ఉండాడు. విదిలించుకునే కొద్దీ ఇంకా బిగిస్తా ఉండాడు. చెయ్యి తిమ్మిరెక్కింటాది ఆ పిల్లకి. ఇంటికి పోతే ఏం చెప్పాల అని ఆలోచిస్తా ఉంటాది. ఎవురన్నా చూస్తే బాగుండు అనిపిస్తాది. చూస్తే ఎట్టరా సామీ అని కూడా అనిపిస్తాది…”

మిషను ఆగిపోయింది. పాట ఒక్కటే మోగుతోంది.

“ఇవన్నీ బొమ్మలో ఉండాయామే?” అంది తిలకవతి.

అంగమ్మాళ్ లేచింది. ఇన్నేళ్ళలో మొదటిసారి చట్టం తప్పి, సూది కింద గుడ్డ అలాగే వదిలేసి, ఇస్త్రీబల్ల దగ్గరికి వచ్చి ఫోనులోకి తొంగిచూసింది. బన్ను చెయ్యి ఇంకా వాడి చేతిలోనే ఉంది. అంగమ్మాళ్ ఆ చెయ్యి చూసింది. చూపు అక్కణ్ణుంచి పక్కకి, బల్ల మీద ఆనుకుని ఉన్న అభినయ చేతి మీదికి వచ్చింది. మెల్లగా ఆ చెయ్యి ఎత్తి, చుడీదారు చెయ్యి పైకి జరిపింది.

తిలకవతి కటింగు బల్ల వదిలి దగ్గరికి వచ్చింది.

“ఏందిమే, అందరూ ఒకేసారి మూగైపోయినారు?” విజి కళ్ళు మూసుకునే తల ఇటు తిప్పింది. “ఏం కనిపిస్తా ఉండాది? చెప్పండి, నాకు కనిపించడం లేదు కదా!”

“మణికట్టు కమిలిపోయి ఉండాది,” అంది అంగమ్మాళ్. “నాలుగు వేళ్ళూ పడి ఉండాయి. గాజు గుచ్చుకోని రక్తం కట్టింది.”

“బన్నుకా?”

“కాదు. మన అభినయకి.”

విజి నోరు తెరిచింది. ఆ నోట్లోంచి మాట రాకపోవడం ఆ షాపులో ఎవరూ ఎరగరు.

“చెరువుకట్ట మీదా?” అని అడిగింది విజి.

“ఊఁ.”

“నేనే కదమే చెప్పింది వాడికి. చీకటని కూడా నేనే చెప్పినా.” కళ్ళద్దాల కిందినుంచి నీళ్ళు కారాయి. అవి కంటి జబ్బువో కావో ఎవరూ అడగలేదు.

అంగమ్మాళ్ అభినయ చెయ్యి వదల్లేదు. “అదృష్టమంటినే నేను,” అని మాత్రం గొణిగింది. తిలకవతి కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంటూ, “మెసేజికి బెదరొద్దంటి,” అంది ఎవరితోనో అన్నట్టు. తర్వాత ఫోను అందుకుని సీరియల్ ఆపేసింది.

*

సాయంత్రం షట్టరు కింద స్టాండు చప్పుడైంది. అభినయ చేతిలో పెట్టె ఆగిపోయింది. భయం అలవాటుగా వచ్చి అలవాటైన చోట కూర్చుంది.

మెట్టు మీదనుంచి విజి లేచింది. “వొచ్చినాడా?” అని అడిగి, తడుముకుంటూ రోడ్డు దాటి వాడి ముందుకి పోయి నిలబడింది. కళ్ళద్దాలు తీసేసింది. ఎర్రగా ఉబ్బిన కళ్ళని కష్టపడి తెరిచింది.

మెడ్రాస్ ఐ వచ్చినవాళ్ళ కళ్ళల్లోకి చూస్తే మనకీ వస్తుందని ఆ ఊళ్ళో అందరి నమ్మకం. డాక్టర్లు కాదంటారు, వినేదెవరు? రాజ్‌మోహన్ మొహం పక్కకి తిప్పుకున్నాడు.

“ఏం తంబీ, చూడు. చూసేదంటే నీకు అంత ఇష్టం కదా?”

“అక్కా, తళ్ళి నిల్లు, దూరంగా నిలబడు, అంటుకుంటాది…”

విజి కారుతున్న కళ్ళు అరచేత్తో తుడుచుకుని, అదే చేత్తో వాడి మణికట్టు పట్టుకుంది. వాడు విదిలించాడు. ఆమె ఇంకా బిగించింది. ఏళ్ళ తరబడి ఇస్త్రీపెట్టె తోసిన చెయ్యి అది.

“వొదులక్కా! ఏందిది, అడగకుండా మీద చెయ్యేసేది?”

“అవును కదా,” అంది విజి. “అడగకుండా పట్టుకుంటే ఎట్టుండాది తంబీ?”

షాపు గుమ్మంలో తిలకవతి, పక్కన అంగమ్మాళ్, వీధిలో నలుగురు. వాడు అందర్నీ ఒకసారి చూసి, చెయ్యి ఊడబెరుక్కుని, బండెక్కి పోయాడు. పోతూ పోతూ కిటికీ వైపు తిరిగి చూశాడు. నవ్వలేదు.

ఆ చూపు అభినయకి బస్సులో కూడా కనిపిస్తూనే ఉంది. అంగమ్మాళ్ ఇల్లు టౌనులోనే, నెల్లితోపులో. అయినా వినకుండా బాహూరు దాకా వచ్చింది, చెరువుకట్ట మీద ముందు నడిచింది, ఇంట్లో పంకజవల్లి ఎదుట కూర్చుని జరిగిందంతా చెప్పింది. “తప్పు మా షాపుదమ్మా. పిల్లది కాదు. మేమందరం వాడి పక్కనే ఉంటిమి,” అంది. పంకజవల్లి కూతురి చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుని కొబ్బరినూనె రాస్తూ కూర్చుంది. చివరికి అంది: “మీ నాయనకి నేను చెప్తా. ఆయన అరిస్తే నా మీద అరస్తాడు. నువ్వు పొద్దున బస్సుకి పో. నేను కట్ట దాకా వొస్తా.”

*

మరునాడు తిలకవతి రాజ్‌మోహన్ తల్లిని చూసి వచ్చింది. ఏం మాట్లాడుకున్నారో చెప్పలేదు. వస్తూ వస్తూ లైనింగ్ మాత్రం వేరే అంగట్లో కొనుక్కొచ్చింది. ఒక పాత చీర ముక్క బల్ల మీద పరిచి, సుద్ద అభినయ చేతిలో పెట్టింది. “మధ్యాన్నం నించి నా పక్కన నిలబడు. ఇప్పుడు ఆ ఇస్త్రీ కానీ.”

షట్టరు కింద ఎవరూ లేరు. వీధిలో ఏ మోటారుసైకిలు పోయినా అభినయ వీపు బిగుసుకుంటూనే ఉంది. రేపు రాడని ఎవరు చెప్పగలరు? ఆ చప్పుడు వచ్చినప్పుడల్లా అంగమ్మాళ్ కూడా మిషను ఆపి, తల తిప్పి బయటికి చూస్తోంది. సూది మీద కళ్ళు పెట్టమని తిలకవతి అనడం లేదు.

విజి గడప అవతలే కూర్చుంది, కళ్ళు ఇంకా తెరవలేని స్థితి. సీరియల్ పెట్టమని కూడా అడగలేదు. అంగమ్మాళే పెట్టమంది. ఫోనులోంచి తలుపు చప్పుడు వినిపించింది, అడుగుల చప్పుడు, ఆ వెనకే వయొలిన్లు.

“కోటు వొచ్చినాడక్కా,” అంది అభినయ. “చేతిలో పూలు ఉండాయి. తెల్ల పూలు, పెద్ద గుత్తి…”

“వాడి సంగతి ఉండనీ,” అంది విజి. “బన్ను మొహం ఎట్టుండాదో ముందు అది చెప్పు.”